చేతిలో బాల్చీ, మొలలో బాకు: అస్సీరియా రాజభవనాల రక్షక శిల్పాలు

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామందే ఉంటారు. చరిత్ర చెప్పి బతికినవాణ్ణి కనుక నేను ఒక పాఠమే రాస్తాను. మెసపొటేమియా నాగరికత పాఠం మీరంతా చదివినదే. టైగ్రిస్, యూఫ్రటిస్ నదులు, మట్టిపలకల మీద రాత, హమ్మురాబి శాసనాలు పరీక్షలో వచ్చేవి. అస్సీరియన్ల దగ్గరికి వచ్చేసరికి ‘క్రూరులైన యోధులు’ అన్న ఒక్క మాటతో పాఠం ముగిసేది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ యోధులు తమ ఇంటి గోడల మీద కాపలాకు ఎవరిని నిలబెట్టుకున్నారో చూస్తే, ఆ ఒక్క మాట చాలదనిపిస్తుంది.

కల్హు నగరంలో కొత్త ఇల్లు

క్రీ.పూ. 883 నుంచి 859 వరకు పాలించిన రెండవ అషుర్‌నాసిర్‌పాల్ తన రాజధానిని అషుర్ నగరం నుంచి కల్హుకు మార్చాడు. ఇప్పటి ఇరాక్‌లో మోసుల్‌కు దిగువన, టైగ్రిస్ నదికి తూర్పున ఉన్న ఆ చోటును నేడు నిమ్రూద్ అంటారు. అక్కడ ఆయన కట్టించిన భవనాన్ని చరిత్రకారులు వాయవ్య ప్రాసాదం అని పిలుస్తారు. దాని ప్రారంభానికి పది రోజుల విందు జరిగింది. వచ్చిన అతిథులు 69,574 మంది అని రాజు శాసనం చెక్కించాడు. ఆ లెక్కకు తబ్సీలు కూడా ఉంది. దేశం నలుమూలల నుంచి పిలిచినవారు 47,074, పరాయి రాజ్యాల దూతలు 5,000, కల్హు పౌరులు 16,000, భవనపు ఉద్యోగులు 1,500. కూడి చూడండి, సరిపోతుంది. ఈ శాసనం 1951లో మాక్స్ మాలోవన్ తవ్వకాల్లో దొరికింది. డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ ఆయన భార్యే. నిమ్రూద్‌లో దొరికిన దంతపు బొమ్మలను ఆమె తన ముఖానికి రాసుకునే క్రీముతో శుభ్రం చేసేవారు.

భవనం గోడలు పచ్చి ఇటుకలవి. గోడల కింది భాగానికి మాత్రం మనిషికన్నా ఎత్తైన జిప్సం రాతి పలకలు ఆనించి, వాటి మీద ఉబ్బెత్తు శిల్పాలు చెక్కారు. అప్పట్లో వాటికి రంగులు కూడా ఉండేవి. సుమారు 45 మీటర్ల పొడవున్న సింహాసన మందిరంలో యుద్ధాలు, కోటల ముట్టడులు, సింహాల వేటలు కనిపిస్తాయి. కానీ మందిరం దాటి లోపలి గదుల్లోకి వెళ్తే యుద్ధం దాదాపు మాయమవుతుంది. గది తర్వాత గదిలో ఒకే రకం ఆకారాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటి భుజాలకు రెక్కలు, నడుమ శిల్పులు అల్లిక పనిలా తీర్చిన ఒక పవిత్ర వృక్షం. ఈ భవనంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు చెక్కిన బొమ్మలు ఇవే.

గోడ మీది గురువులు

వీటిని అస్సీరియన్లు అప్‌కల్లు అన్నారు. ఆ మాటకు అర్థం జ్ఞాని. మూడు రూపాల్లో కనిపిస్తారు. ఒకరకం వారికి మనిషి ముఖం, రెక్కలు ఉంటాయి. కొందరికి తల మీద కొమ్ముల కిరీటం కూడా ఉంటుంది. ఆ దేశంలో కొమ్ముల కిరీటం దైవత్వానికి గుర్తు. రెండో రకం వారికి మనిషి ఒంటి మీద గద్ద తల. మూడో రకం వారు నిలువెత్తు చేపను తల నుంచి వీపు మీదుగా తొడుక్కున్నట్టు ఉంటారు.

వీళ్ల చేతులు చూడాలి. ఎడమ చేతిలో పిడి ఉన్న చిన్న బాల్చీ. ఎత్తిపట్టిన కుడి చేతిలో దేవదారు జాతి చెట్టు కాయలాంటిది ఒకటి. ఖర్జూరపు పూలకు పుప్పొడి అంటించే సాధనం అదని 1890లో ఎడ్వర్డ్ టైలర్ అనే పండితుడు ప్రతిపాదించాడు. తర్వాత చదివిన అక్కడి మంత్రగ్రంథాలు వేరే సంగతి చెప్పాయి. ఆ కాయ పేరు ‘ముల్లిలు’, అంటే శుద్ధి చేసేది. బాల్చీ పేరు ‘బందుద్దు’. బాల్చీలోని పవిత్రజలంలో కాయను ముంచి చల్లుతారు. మనకు మామిడాకుతో పుణ్యాహవాచనం జలం చల్లడం తెలుసు కనుక ఈ భంగిమ చూడగానే అర్థమవుతుంది. రెండు ఆచారాలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు, చేతి కదలిక మాత్రం ఒకటే. ఇంకొక చిన్న సంగతి. మనిషి ముఖం ఉన్న అప్‌కల్లుల నడుము పట్టీలో తరచు బాకులు దోపి ఉంటాయి. ఆయుధం ఉంది, కానీ అది మొలలోనే ఉంది. చేతిలో ఉన్నది నీళ్ల బాల్చీ.

ఈ జ్ఞానులు ఎవరు? జలప్రళయానికి ముందు ఏడుగురు జ్ఞానులు ఉండేవారని మెసపొటేమియా ప్రజల నమ్మకం. మనుషులకు నాగరికతను నేర్పినవారు వాళ్లే. క్రీ.పూ. మూడో శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోన్ పూజారి ఈ కథను గ్రీకు భాషలో రాశాడు. ఆ కథలో మొదటి జ్ఞాని సముద్రం నుంచి చేప ఒంటితో వచ్చాడు. అక్షరాలు, లెక్కలు, ఇల్లు కట్టడం, విత్తనం వేయడం, చట్టాలు చేసుకోవడం మనుషులకు నేర్పాడు. పగలంతా పాఠం చెప్పేవాడు, అన్నం కూడా ముట్టేవాడు కాదు, పొద్దుగూకగానే తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయేవాడు. ఉపాధ్యాయులకు ఈ కథ బాగా నచ్చుతుంది, ముఖ్యంగా అన్నం ముట్టకపోవడం అనే చోట.

అంటే ప్రపంచాన్ని గడగడలాడించిన రాజు, తన పడకగది వైపు వెళ్లే దారిలో కాపలాకు నిలబెట్టుకున్నది సైనికులను కాదు, ఆదిగురువులను. వాళ్లకు తెలిసిన విద్యే రక్ష అని ఆయన నమ్మకం. అయితే పాఠంలో రెండో సగం కూడా చెప్పాలి. ఆ గురువుల నడుములకు అడ్డంగా, బట్ట మీదా చేతుల మీదా కూడా లెక్కచేయకుండా, ఒక శాసనం చెక్కి ఉంటుంది. పలక తర్వాత పలకలో అదే శాసనం. రాజు బిరుదులు, జయించిన దేశాలు, భవనానికి వాడిన దేవదారు వగైరా కలప. శత్రువుల చర్మం ఒలిపించానని వేరే శాసనాల్లో గొప్పగా చెప్పుకున్నదీ ఈ రాజే. గురువు పక్కన నిలబడినంత మాత్రాన రాజు మెత్తబడతాడని ఈ గోడలు చెప్పవు. విద్యను తన కాపలాకు పెట్టుకోవడం వేరు, విద్య చెప్పినట్టు వినడం వేరు.

ఐదు కాళ్ల కావలి

ద్వారాల దగ్గర మరో జాతి రక్షకులు ఉండేవారు. మనిషి తల, గద్ద రెక్కలు, ఎద్దు లేదా సింహం ఒళ్లు. వీటిని లమస్సు అనే పేరుతో మనం ఎక్కువగా వింటాం. ముందు నుంచి చూస్తే రెండు కాళ్ల మీద కదలకుండా నిలబడి ఉంటుంది. పక్క నుంచి చూస్తే నాలుగు కాళ్లతో నడుస్తూ ఉంటుంది. రెండూ సరిగ్గా కనబడాలని అషుర్‌నాసిర్‌పాల్, సర్గోన్ కాలపు శిల్పులు ఐదో కాలు చెక్కారు. ఎదురొచ్చేవాణ్ణి ఆపుతుంది, దాటిపోయేవాడి వెంట నడుస్తుంది.

ఇంత బరువు అక్కడికి ఎలా చేరింది? దానికి జవాబు అస్సీరియన్లే చెక్కి పెట్టారు. క్రీ.పూ. 704 నుంచి 681 వరకు పాలించిన సెన్నాచెరిబ్ నినెవేలోని తన భవనంలో ఈ పనినంతా శిల్పాలుగా వేయించాడు. గనిలో మోటుగా చెక్కిన ఎద్దును చెక్కబండి మీద పడుకోబెట్టి, వరుసలు వరుసలుగా మనుషులు తాళ్లతో లాగుతుంటారు. కర్రలు ఎత్తిన మేస్త్రీలు వెంట ఉంటారు. వేషాన్ని బట్టి లాగేవాళ్లలో పరాయి దేశాల బందీలు ఉన్నారని తెలుస్తుంది. రాజు రథంలో నిలబడి చూస్తుంటాడు. రాజును కాపాడే బొమ్మ కింద ఎవరి వీపులు వంగాయో ఆ రాజే చూపించాడు. అది ఆయనకు సిగ్గుపడే విషయంగా తోచలేదు.

నేల కింద కుక్కలు

గోడలమీది రక్షకులు వచ్చేపోయేవాళ్లకు కనిపిస్తారు. కనిపించని కాపలా ఇంకొకటి ఉంది. ఇంట్లోకి కీడు అడుగు పెట్టకుండా ఆపే క్రతువు ఒకటి మట్టిపలకల మీద దొరికింది. మంత్రవేత్త పొద్దున్నే మట్టి గుంటకు వెళ్లి, దానికి పూజ చేసి, మట్టి తెచ్చి బొమ్మలు చేయాలి. ఏ బొమ్మను ఎక్కడ పాతాలో కూడా రాసి ఉంది. మంచం తలవైపు ఎవరు, గడప కింద ఎవరు, గది మూలల్లో ఎవరు అని. పురావస్తు శాస్త్రవేత్తలు నిమ్రూద్, అషుర్ నగరాల్లో నేల తవ్వితే, ఇటుకల పెట్టెల్లో సరిగ్గా అలాంటి బొమ్మలే దొరికాయి. చేప తొడుగు జ్ఞానులు, గద్ద తల జ్ఞానులు అందులో ఉన్నారు. గోడ మీద నిలువెత్తున ఉన్నవాళ్లే నేల కింద జానెడు బొమ్మలయ్యారు.

నినెవేలో అషుర్‌బనిపాల్ భవనంలో దొరికిన ఐదు మట్టి కుక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు, ఒక్కోదాని మీద దాని పేరు రాశారు. ‘కీడును తరిమేది’, ‘శత్రువును పట్టేది’, ‘పగవాణ్ణి కరిచేది’, ‘దీని మొరుగు గట్టిది’, ఇంకొకటి ‘ఆలోచించకు, కరువు’. ఈ చివరి పేరు చదివాక రెండు వేల ఆరు వందల ఏళ్ల దూరం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇలాంటి కుక్క మన వీధిలోనూ ఒకటి ఉంటుంది.

కాపాడాయా?

న్యాయమైన ప్రశ్న. రెండవ సర్గోన్ దూర్ షర్రుకిన్ అనే కొత్త నగరమే కట్టించాడు. ఇప్పటి ఖోర్సాబాద్ అదే. దాని ద్వారాల దగ్గర పెద్ద పెద్ద లమస్సులను నిలబెట్టాడు. నగర ప్రవేశం క్రీ.పూ. 706లో జరిగింది. మరుసటి ఏడాదే ఆయన దూరదేశపు యుద్ధంలో చనిపోయాడు, శవం కూడా దక్కలేదు. ఆయన కొడుకు సెన్నాచెరిబ్ ఆ నగరాన్ని వదిలి రాజధానిని నినెవేకు మార్చుకున్నాడు. ఆ సెన్నాచెరిబ్‌ను కన్నకొడుకే చంపాడు. తర్వాత వచ్చిన ఎసార్‌హద్దోన్ రోగపీడితుడు. వైద్యులు, మంత్రవేత్తలు ఆయనకు రాసిన ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. గ్రహణం రాజుకు అరిష్టమని తేలితే, ఒక అనామకుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, అసలు రాజును ఆ కొద్ది రోజులూ ఉత్తరాల్లో ‘రైతు’ అని పిలిచేవారు. గండం గడిచాక ఆ దొంగరాజును చంపేసేవారు. లోకమంతా ఎవరికి భయపడిందో, ఆ మనిషి చంద్రుడి మీద పడే నీడకు భయపడ్డాడు. అంతమంది కాపలా ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

క్రీ.పూ. 612లో బాబిలోనియన్లు, మీడియన్లు కలిసి నినెవేను పడగొట్టారు. కల్హు కూడా ఆ రోజుల్లోనే పడిపోయింది. లోపలికి వచ్చినవాళ్లు కొన్ని రాజు బొమ్మలను వెతికి మరీ కొట్టారు. ద్వారాలు వాళ్లను ఆపలేదు.

కానీ ఆ మంటల్లో ఒక వింత జరిగింది. అషుర్‌బనిపాల్ తాను ఆదిజ్ఞాని అదపా విద్యను నేర్చుకున్నానని, చదవడం రాయడం వచ్చని గర్వంగా చెప్పుకున్న రాజు. సింహాల వేట శిల్పాల్లో ఆయన మొలలో మట్టిపలకల మీద రాసే కలాలు దోపి ఉంటాయి. నినెవేలో ఆయన గొప్ప గ్రంథాలయం కూడబెట్టాడు. తాళపత్రమైతే కాలిపోయేది. మట్టిపలక కాలితే గట్టిపడుతుంది. భవనాలు కూలాయి, పలకలు శిథిలాల కింద నిలిచాయి. వాటిలో బ్రిటిష్ మ్యూజియంకు చేరినవి, ముక్కలతో కలిపి, ముప్పై వేలకు పైన. గోడ మీది గురువులు రాజును కాపాడలేకపోయారు. వాళ్లు నేర్పారని చెప్పుకున్న అక్షరం మాత్రం మిగిలింది. గోడలమీద నిలబడ్డది ఎవరో, చేతిలో ఉన్నది ఏమిటో మనకు తెలిసింది ఆ అక్షరం వల్లనే.

మూసిన కవర్లలో పరీక్ష

1845 నవంబరులో ఆస్టెన్ హెన్రీ లేయర్డ్ నిమ్రూద్ దిబ్బను తవ్వడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది మట్టిలోంచి ఒక పెద్ద రాతి తల బయటపడగానే, పురాణపురుషుడు నిమ్రూదే లేచి వచ్చాడని పనివాళ్లు బెదిరారు. కబురు మోసుల్ దాకా పాకి కలకలం రేగింది. 1847లో ఒక ఎద్దునూ ఒక సింహాన్నీ నది దాకా తరలించినప్పుడు, గేదెలు బండి లాగక మొరాయిస్తే మూడు వందల మంది మనుషులు లాగారు. గాలి ఊదిన ఆరు వందల తోలు తిత్తుల మీద తెప్ప కట్టి టైగ్రిస్ మీద దించారు. సెన్నాచెరిబ్ శిల్పంలో ఉన్న పనే మళ్లీ జరిగింది. లేయర్డ్‌కు కుడిభుజంగా ఉన్నవాడు మోసుల్‌లో పుట్టిన హోర్ముజ్ద్ రస్సామ్. 1853లో అషుర్‌బనిపాల్ భవనాన్ని కనిపెట్టింది ఆయనే.

రాతను చదివారన్నది నిజమేనా అని అప్పట్లో చాలామందికి అనుమానం ఉండేది. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని రాలిన్‌సన్, హింక్స్, టాల్బట్, ఓపెర్ట్ అనే నలుగురి చేత విడివిడిగా అనువాదం చేయించింది. సీలు వేసిన కవర్లు తెరిచి పోల్చి చూశారు. ముఖ్యమైన చోట్లన్నీ కలిశాయి. కాపీ కొట్టకుండా నలుగురూ ఒకే జవాబు రాసిన ఆ పరీక్షతో అస్సీరియా మళ్లీ మాట్లాడింది.

పూర్వ విద్యార్థుల కానుకలు

మన సంఘానికి దగ్గరగా ఉండే ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. నిమ్రూద్ శిల్పాల్లో కొన్ని అమెరికాలోని కాలేజీలకు చేరడానికి కారణం పూర్వ విద్యార్థులే. మోసుల్‌లో క్రైస్తవ మిషనరీగా ఉన్న డ్వైట్ మార్ష్ తాను చదివిన విలియమ్స్ కాలేజీకి రెక్కల రక్షకుల పలకలు రెండు పంపాడు. అవి 1851లో చేరాయి. బౌడిన్ కాలేజీలో వైద్యం చదివిన హెన్రీ హాస్కెల్ పంపిన శిల్పాలు 1860లో ఆ కాలేజీకి చేరాయి. ఒంటెలు మోయగలిగేట్టు పలకలను రంపంతో ముక్కలుగా కోసి, వెనుకవైపు చెక్కి పల్చన చేసి, మధ్యధరా తీరం దాకా తెచ్చారు. బౌడిన్‌లో ఉన్న రాజు బొమ్మ మీద పాతకాలపు శత్రువులు కావాలని కొట్టిన దెబ్బలు ఇప్పటికీ చూడవచ్చు.

ఆ కానుకల వెనక ఉన్న ప్రేమను కాదనలేం. కానీ ఆ కోత కూడా శిల్పాలకు తగిలిన గాయమే. ఒకే గది గోడ నేడు ఎన్నో దేశాల్లో చెదిరి ఉంది. సొంత నేల మీద మిగిలినదాని గతి ఇంకా దారుణం. 2015లో ఇస్లామిక్ స్టేట్ మూకలు నినెవే నెర్గల్ ద్వారం దగ్గరి లమస్సు ముఖాన్ని డ్రిల్లింగ్ యంత్రంతో చెక్కేశాయి, నిమ్రూద్‌లోని వాయవ్య ప్రాసాదాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశాయి. 2016 నవంబరులో ఆ చోటు విముక్తమైంది. అప్పటినుంచి ఇరాకీ పురావస్తు ఉద్యోగులు ముక్కలు ఏరి, గుర్తుపట్టి, భద్రపరిచే పనిలో ఉన్నారు. ఖోర్సాబాద్‌లోని ఒక లమస్సు తలను 1995లో దొంగలు కోసుకుపోయారు. ఆ తల దొరికి బాగ్దాద్ మ్యూజియంకు చేరింది. మట్టి కప్పి దాచిన పద్దెనిమిది టన్నుల ఒంటిని 2023లో మళ్లీ తవ్వి చూస్తే చెక్కు చెదరలేదు. ఒకప్పుడు అవి రాజుకు కావలి. ఇప్పుడు వాటికి మనుషులు కావలి కాస్తున్నారు, జీతం రాళ్ల కోసమే అయితే ఆ ఎండలో ఎవరూ ముక్కలు ఏరరు.

మీలో చాలామంది లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్నారు. బ్రిటిష్ మ్యూజియం, మెట్రోపాలిటన్ మ్యూజియం మీకు దగ్గరే. ఇక్కడున్నవారికి ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయంలో అస్సీరియా పలకలు కొన్ని ఉన్నాయి. నిమ్రూద్ నుంచి లండన్ వెళ్లిన పెట్టెల్లో కొన్ని బొంబాయి మీదుగానే వెళ్లాయి. వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. లమస్సు కనిపిస్తే కాళ్లు లెక్కపెట్టమనండి. రెక్కల మనిషి కనిపిస్తే, నడుముకు అడ్డంగా ఉన్న రాతను చూపించండి. ఆ తర్వాత మొలలో ఏముంది, చేతిలో ఏముంది అని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. చరిత్ర పాఠం అలా మొదలైతే చాలు.